శ్రీకాకుళం ఇంటికి ఆటోమేషన్ సర్వరు: తక్కువ కరెంటుతో నడిచే ఏ చిన్న కంప్యూటరు తీసుకోవాలి?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

సభ్యులందరికీ నమస్కారం. శ్రీకాకుళంలో మా అమ్మానాన్నలు ఉంటున్న రెండంతస్తుల ఇంట్లో ఇంటి పరికరాలన్నింటినీ ఒకేచోటి నుంచి నడిపించే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేరు కోసం సర్వరు ఒకటి అమర్చాలని నిశ్చయించుకున్నాను. ఉద్యోగరీత్యా నేను హైదరాబాదులో ఉంటున్నాను, నెలకు ఒకసారి మాత్రమే ఇంటికి వెళ్ళగలను. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు. ట్యాంకు నిండిందో లేదో చూడటానికి రోజుకు రెండుసార్లు మేడ ఎక్కి దిగడం ఆయనకు చాలా ప్రయాసగా మారింది. అందువల్ల నాకు ముందుగా కావలసింది సంపు నుంచి ట్యాంకుకు నీళ్ళెక్కించే మోటారు నియంత్రణ. ఆ తరువాత వసారా, పెరడు దీపాలు సాయంత్రం వాటంతటవే వెలగాలి, ఇన్వర్టరు బ్యాటరీ పరిస్థితి నాకు ఫోనులో కనబడాలి.

నా ముందు మూడు మార్గాలు ఉన్నాయి. ఇంట్లో మూలపడి ఉన్న పాత డెస్క్‌టాప్‌ను వాడుకోవడం ఒకటి, రాస్ప్‌బెర్రీ పై 5 అనే చిన్న బోర్డు కంప్యూటరు కొనడం రెండోది, ఇంటెల్ ఎన్100 ప్రాసెసరుతో వస్తున్న అరచేతి పరిమాణపు మినీ పీసీ కొనడం మూడోది. వేగం నాకు ముఖ్యం కాదు. కరెంటు పోయి వచ్చినా, ఇంటర్నెట్టు లేకపోయినా, అమ్మానాన్నలు ఏ మీటా నొక్కకుండానే అది తిరిగి పనిలో పడాలి. ఇలాంటి ఏర్పాటును ఏళ్ళ తరబడి నడిపినవారు తమ అనుభవం చెప్పవలసిందిగా కోరుతున్నాను.

కోట_వీధి (విజయనగరం)

పాత డెస్క్‌టాప్ ఆలోచనను ముందే పక్కన పెట్టండి. ఏ పనీ చేయకుండా ఊరికే వెలుగుతున్నప్పుడు కూడా అలాంటివి 60 వాట్ల దాకా తీసుకుంటాయి. అంటే నెలకు 43 యూనిట్లు. గోడ దగ్గర 8 వాట్లు తీసుకునే మినీ పీసీకి అదే నెలలో 6 యూనిట్లు కూడా కావు, 4 వాట్ల రాస్ప్‌బెర్రీ పైకి 3 యూనిట్ల లోపే. బిల్లులో తేడా ఒక ఎత్తయితే, మన ప్రాంతంలో అంతకంటే ముఖ్యమైన లెక్క మరొకటి ఉంది. మీ ఇంట్లో 150 ఆంపియర్ అవర్ల 12 వోల్టుల బ్యాటరీ ఉందనుకుందాం. కాగితం మీద అందులో ఉండేది 1800 వాట్ అవర్లు. ఆరు గంటలు కరెంటు లేకపోతే డెస్క్‌టాప్ ఒక్కటే 360 వాట్ అవర్లు తాగేస్తుంది. ఇరవై నాలుగు గంటలూ ఒక సీలింగు ఫ్యానును అదనంగా తిప్పుతున్నట్లే లెక్క. ఉక్కపోతలో ఆ కరెంటు మీ అమ్మగారి గదిలోని ఫ్యానుకు మిగలడం మేలు కదా. మినీ పీసీ అయితే ఆ ఆరు గంటలకూ 48 వాట్ అవర్లతో సరిపెట్టుకుంటుంది.

ఎన్100 గురించి ఒక మాట. అది 2023 ఆరంభంలో వచ్చిన నాలుగు కోర్ల ప్రాసెసరు. ప్రకటనల్లో కనిపించే 6 వాట్లు ఆ చిప్పుకు చెప్పిన అంకె మాత్రమే, పెట్టె మొత్తానికి కాదు. మెమరీ, ఎస్ఎస్‌డీ (సమాచారం దాచే డిస్కు), నెట్‌వర్కు, అడాప్టరులో వృథా అయ్యేది అన్నీ కలిపితే ఖాళీగా ఉన్నప్పుడు 6 నుంచి 10 వాట్ల మధ్య ఉంటుంది, పని పెరిగితే 20 దాటవచ్చు. గోడ సాకెట్టుకూ అడాప్టరుకూ నడుమ ఒక ప్లగ్ మీటరు పెట్టి మీరే కొలుచుకోండి. ఏ పెట్టె విషయంలోనైనా నమ్మదగిన అంకె అదే.

ఉద్దానం_తోట (కవిటి)

నేను రాస్ప్‌బెర్రీ పై 4 మీద మూడేళ్ళు నడిపాను కాబట్టి ఆ వైపు అనుభవం చెబుతాను. పై మంచి యంత్రమే, దానికి పెట్టే మెమరీ కార్డే బలహీనత. హోమ్ అసిస్టెంట్ ప్రతి సెన్సరు మార్పునూ డేటాబేసులో రాస్తూ ఉంటుంది. మనం ఏమీ మార్చకపోతే 5 సెకన్లకోసారి డిస్కు మీదికి రాసి, పది రోజుల చరిత్ర దాచుతుంది. ఇలా రేయింబవళ్ళు రాతలు సాగుతుండగా మధ్యలో హఠాత్తుగా కరెంటు పోతే కార్డు మీది ఫైళ్ళు పాడవుతాయి. నాకు రెండుసార్లు అలాగే జరిగింది. రెండోసారి నేను ఊళ్ళో లేను. సాయంత్రం వెలగవలసిన దీపాలు వెలగక మా ఇంట్లోవాళ్ళు చీకట్లో తడుముకోవలసి వచ్చింది.

ఆ తరువాత యూఎస్‌బీ ఎస్ఎస్‌డీకి మారాను, మళ్ళీ ఆ ఇబ్బంది రాలేదు. కాని ఇప్పుడు కొత్తగా కొనేవారు మొత్తం లెక్క వేసుకోవాలి. పై 5 బోర్డు ఒక్కటే కొంటే సరిపోదు. దానికి 5 వోల్టులు, 5 ఆంపియర్ల ప్రత్యేక అడాప్టరు, ఫ్యాను, పెట్టె, ఎస్ఎస్‌డీ, దానిని తగిలించే అదనపు బోర్డు కావాలి. అన్నీ కలిపేసరికి ఎన్100 పెట్టె ధర పక్కకు చేరుతుంది. ఆ పెట్టెలో ఇవన్నీ ముందే ఉంటాయి.

మరొక సంగతి ఎవరూ చెప్పరు, దెబ్బ తిన్నాకే తెలుస్తుంది. పై 4లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. పై 5లో ఆ సదుపాయం ఉన్నా బ్యాటరీ విడిగా కొని తగిలించాలి. కరెంటు తిరిగి వచ్చి ఫైబరు ఇంకా రాకపోతే రాస్ప్‌బెర్రీ పైకి సరైన సమయం తెలియదు, ఆగిపోయిన వేళ దగ్గరే ఉండిపోతుంది. సూర్యాస్తమయానికి వెలగాల్సిన దీపం అర్ధరాత్రి వెలుగుతుంది. మినీ పీసీల మదర్‌బోర్డు మీద నాణెం బ్యాటరీ ఉంటుంది కాబట్టి సమయం తప్పదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తరువాత మా ఊళ్ళలో కరెంటు లేకుండా గడిపిన రోజులు గుర్తున్నవారికి ఇది చిన్న విషయంగా అనిపించదు.

చీపురుపల్లి_దారి (చీపురుపల్లి)

కొత్తదే కొనాలన్న నియమం లేదు. కార్యాలయాల్లో వాడి తీసేసిన థిన్ క్లయింట్లు అనే చిన్న కంప్యూటర్లు పాత సామాను అంగళ్ళలో దొరుకుతున్నాయి. నేను వాడుతున్న డెల్ వైస్ 5070కి ఫ్యానే లేదు. ధూళి లోపలికి లాగదు, చప్పుడు చేయదు. సెలెరాన్ జె4105 ప్రాసెసరు, 8 జీబీ మెమరీతో నా ఇంట్లోని నలభై పరికరాలనూ ఆయాసం లేకుండా చూసుకుంటోంది. అయితే పాతది కొనేటప్పుడు అడాప్టరు అసలుదో కాదో తప్పక చూసుకోవాలి.

ఏ పెట్టె తీసుకున్నా దాని మీద నేరుగా హోమ్ అసిస్టెంట్ పెట్టడం కంటే ముందు ఒకే పెట్టెను అనేక కంప్యూటర్లుగా విభజించి వాడనిచ్చే ప్రాక్స్‌మాక్స్ వేసి, అందులో ఒక వర్చువల్ మెషీనుగా (కంప్యూటరు లోపలి కంప్యూటరుగా) పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఏదైనా మార్పు చేసే ముందు ఉన్నదానిని ఉన్నట్లు భద్రపరచుకోవచ్చు, రేపు కెమెరాల కోసం ఫ్రిగేట్ అనే సాఫ్ట్‌వేరు కావాలన్నా దాని పక్కనే పెట్టుకోవచ్చు.

ఉద్దానం_తోట (కవిటి)

చీపురుపల్లి_దారి గారూ, మీ ఇంట్లో మీరే ఉంటారు కనుక మీకు అది సబబే. ఇక్కడ అడిగినవారు నెలకొకసారి వచ్చేవారు. పొరలు పెరిగేకొద్దీ పాడయ్యే చోట్లూ పెరుగుతాయి. నాన్నగారికి ఫోనులో "ముందు ఆ వర్చువల్ మెషీను ఆన్ చేయండి" అని చెప్పవలసిన పరిస్థితి తెచ్చుకోకూడదు. హోమ్ అసిస్టెంట్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను నేరుగా లోపలి డిస్కు మీదే వేయడం నా సలహా. బ్యాకప్పులు రోజూ బయటికి పోయేలా పెడితే, పెట్టె మొత్తం పాడైనా కొత్త పెట్టెలో గంటలో తిరిగి నిలబెట్టవచ్చు. ఇప్పటి వెర్షన్లలో బ్యాకప్పుకు తాళపు సంకేతం ఒకటి ఇస్తారు. దానిని తప్పకుండా విడిగా రాసుకోండి, అది లేనిదే బ్యాకప్పు తెరుచుకోదు.

చీపురుపల్లి_దారి (చీపురుపల్లి)

ఆ కోణంలో ఆలోచించలేదు, మీ మాట ఒప్పుకుంటున్నాను. దూరంగా ఉండేవారికి నేరుగా వేసుకోవడమే మంచిది.

బొబ్బిలి_తంత్రి (బొబ్బిలి)

కంప్యూటరు గురించి అందరూ చక్కగా చెప్పారు. నేను మోటారు వైండింగు, ఇంటి వైరింగు పనిలో ఇరవై ఏళ్ళుగా ఉన్నాను కాబట్టి అసలు ప్రమాదం ఉన్న చోటు గురించి చెబుతాను. దయచేసి దీనిని పూర్తిగా చదవండి.

ఒక హార్స్‌పవరు అంటే 746 వాట్లు అని చూసి, 10 ఆంపియర్ల స్మార్ట్ స్విచ్చి సరిపోతుందని చాలామంది అనుకుంటారు. మోటారు తిరుగుతున్నప్పుడు 6 ఆంపియర్ల చుట్టూ తీసుకునే మాట నిజమే. కాని మొదలయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. ఆ స్విచ్చి లోపల కరెంటును కలిపి తెంచే చిన్న రిలేల మీద రాసి ఉండే 10 ఆంపియర్లు దీపాల వంటి లోడుకు చెప్పినవి, మోటారుకు కాదు. రోజుకు రెండుసార్లు అంత కరెంటు దాని గుండా పోతే లోపలి కాంటాక్టులు కొన్నాళ్ళకు కరిగి అతుక్కుపోతాయి. అప్పుడు ఫోనులో "ఆఫ్" అని చూపిస్తుంది, మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ట్యాంకు పొర్లుతుంది, సంపు ఖాళీ అవుతుంది, నీళ్ళు లేకుండా తిరిగి మోటారు కాలిపోతుంది. అలా కాలి నా దగ్గరికి వచ్చిన మోటార్లు ఒకటీ రెండూ కావు.

కాబట్టి మోటారుకు కాంటాక్టరు, అంటే పెద్ద లోడును కలిపి తెంచే గట్టి స్విచ్చి, పెట్టించండి. దాని మీద ఏసీ-3 అని రాసి ఉన్న సామర్థ్యం మోటార్ల కోసం చెప్పినది, ఆ అంకె చూసి కొనాలి. స్మార్ట్ రిలే ఆ కాంటాక్టరును కలిపే కాయిలుకు మాత్రమే కరెంటు ఇవ్వాలి. దానితో పాటు కరెంటు మితిమీరితే మోటారును ఆపే ఓవర్‌లోడు రిలే కూడా పెట్టించండి. ఈ పనిని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి, ఎర్తింగు సరిగా ఉందో లేదో అదే రోజు చూపించుకోవాలి.

రెండో విషయం. సర్వరు ఆగిపోయినా నీళ్ళు ఆగకూడదు, పొర్లకూడదు. ట్యాంకులో మామూలు ఫ్లోట్ స్విచ్చి ఒకటి వేలాడదీసి, దాని తీగను కాంటాక్టరు కాయిలు దారిలోనే కలపండి. కంప్యూటరు ఏమి చెప్పినా, చెప్పకపోయినా, ట్యాంకు నిండగానే ఆ ఫ్లోటు దారి తెంచి మోటారును ఆపుతుంది. సంపులో కూడా ఇలాంటిదే ఒకటి ఉండాలి, అది నీళ్ళు అడుగంటితే ఆపుతుంది. గోడ మీద ఆటో, మాన్యువల్ అని తిప్పే స్విచ్చి పెట్టించండి. నాన్నగారు మాన్యువల్ వైపు తిప్పి, ఇన్నాళ్ళూ వేసినట్టే మోటారు వేసుకోగలగాలి. సర్వరు ఇంటికి సౌకర్యం చేకూర్చాలి, ఇల్లు దాని మీద ఆధారపడకూడదు. ఈ మాట నేను నా దగ్గరికి వచ్చే ప్రతి ఇంటివారికీ చెబుతాను.

రిలే నడపడానికి ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డు మీద ఈఎస్‌పీహోమ్ సాఫ్ట్‌వేరు వాడేటట్లయితే ఒక అమరికను మరవవద్దు. సర్వరుతో సంబంధం తెగి 15 నిమిషాలు దాటితే ఆ బోర్డు తనంతట తానే రీబూటు అవుతుంది. వైఫై తెగినా అంతే. అలా రీబూటు అయినప్పుడల్లా నడుస్తున్న మోటారు ఆగిపోతుంది. ఆ గడువును రెండు చోట్లా సున్నా చేయాలి. కరెంటు తిరిగి వచ్చినప్పుడు రిలే ఎప్పుడూ ఆగిన స్థితిలోనే మొదలయ్యేలా పెట్టాలి. లేకపోతే అర్ధరాత్రి కరెంటు రాగానే మోటారు దానంతట అదే తిరగడం మొదలుపెడుతుంది.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

బొబ్బిలి_తంత్రి గారూ, మీరు చెప్పకపోయి ఉంటే నేను 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్గు ఒకటి కొని నేరుగా మోటారుకే తగిలించి ఉండేదాన్ని. మాది ఒక హార్స్‌పవరు సింగిల్ ఫేజు మోనోబ్లాకు పంపు. కాంటాక్టరు, రెండు ఫ్లోట్లు, తిప్పే స్విచ్చి అన్నీ మీరు చెప్పినట్లే చేయిస్తాను.

చర్చ చదివాక ఎన్100 వైపే మొగ్గుతున్నాను. అయితే ఇన్వర్టరుకు మారే క్షణంలో కంప్యూటరు ఆగిపోతుందా? ఆగితే దానంతట అదే మొదలవుతుందా?

కోట_వీధి (విజయనగరం)

రెండూ వేరు వేరు ప్రశ్నలు, రెండింటికీ విడివిడిగా ఏర్పాటు కావాలి.

మన ఇళ్ళలోని ఇన్వర్టర్లకు సాధారణంగా వెనకవైపు ఒక మీట ఉంటుంది. ఒక వైపు యూపీఎస్ అనీ మరో వైపు ఎకో లేదా నార్మల్ అనీ ఉంటుంది. యూపీఎస్ వైపు ఉంచితే మార్పు కొన్ని మిల్లీసెకన్లలో జరుగుతుంది, కంప్యూటరు తట్టుకుంటుంది. రెండో వైపు ఉంచితే ఆలస్యం ఎక్కువ, ఫ్యానుకు తెలియదు గాని కంప్యూటరు ఆగవచ్చు. ఇన్వర్టరు ఇచ్చేది ప్యూర్ సైన్ వేవో (బయటి కరెంటు లాంటి నునుపైన తరంగమో) కాదో కూడా చూసుకోండి.

ఇంకా నిశ్చింత కావాలంటే 12 వోల్టులతో నడిచే మినీ పీసీనే ఎంచుకుని, దానికి చిన్న డీసీ యూపీఎస్ పెట్టండి. రౌటరుకు పెట్టే 12 వోల్టులు, 2 ఆంపియర్ల డీసీ యూపీఎస్‌లు 24 వాట్ల వరకే ఇస్తాయి. కంప్యూటరు మొదలయ్యే సమయంలో అంతకు మించి అడగవచ్చు కాబట్టి రౌటరు యూపీఎస్‌కే దీనిని కూడా తగిలించకండి. కొన్ని మినీ పీసీలు 19 వోల్టులవి ఉంటాయి, కొనేముందు అడాప్టరు మీది అంకె చదవండి.

ఇక తిరిగి మొదలవడం గురించి. బయోస్‌లోకి (కంప్యూటరు మొదలయ్యేటప్పుడు తెరిచే అమరికల తెరలోకి) వెళ్ళి, కరెంటు పోయి వచ్చినప్పుడు ఏమి చేయాలి అనే అమరికను వెతికి, దానిని "పవర్ ఆన్"కు మార్చండి. కొన్ని చవక పెట్టెల్లో ఈ అమరికే ఉండదు. అలాంటి పెట్టె మిగతా అన్నింటిలో ఎంత బాగున్నా మీకు పనికిరాదు, వెంటనే తిరిగి పంపించేయండి. మార్చిన తరువాత పిన్ను పీకి పది సెకన్లు ఆగి పెట్టి, కనీసం ఐదుసార్లు పరీక్షించండి. హోమ్ అసిస్టెంట్ వేయాలంటే సెక్యూర్ బూట్ అనే రక్షణ అమరికను కూడా అక్కడే ఆపాలి.

స్థలం విషయంలో ఒక జాగ్రత్త. ఇన్వర్టరు బ్యాటరీ ఉన్న అల్మారాలోనే కంప్యూటరు పెట్టవద్దు. ట్యూబులర్ బ్యాటరీ ఛార్జి అవుతున్నప్పుడు హైడ్రోజన్ వస్తుంది, యాసిడ్ ఆవిర్లు లోహాన్ని తినేస్తాయి. గాలి ఆడే చోట, గోడకు కాస్త ఎత్తుగా పెట్టండి.

భావనపాడు_అల (సంతబొమ్మాళి మండలం)

తీగలు లేని పరికరాల గురించి నాకు తెలిసినది చెబుతాను. తలుపు సెన్సర్లు, ఉష్ణోగ్రత సెన్సర్ల వంటి బ్యాటరీ పరికరాలకు జిగ్‌బీ అనే తక్కువ శక్తి రేడియో పద్ధతి బాగుంటుంది. నాణెం బ్యాటరీతో చాలా నెలలు నడుస్తాయి, ఇంటర్నెట్టుతో పని లేదు. సర్వరుకు ఒక యూఎస్‌బీ డాంగిల్ పెడితే చాలు. కాని దానిని మినీ పీసీ నీలిరంగు యూఎస్‌బీ 3 రంధ్రానికి నేరుగా గుచ్చవద్దు. యూఎస్‌బీ 3 పనిచేస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుడుతుంది, జిగ్‌బీ ఉండేదీ అక్కడే. ఒక మీటరు ఎక్స్‌టెన్షన్ కేబులు తీసుకుని యూఎస్‌బీ 2 రంధ్రానికి పెట్టి, డాంగిల్‌ను పెట్టెకు దూరంగా నిలబెట్టండి. పరికరాలు మాటిమాటికీ మాయమవుతున్నాయని నాకు ఫోను చేసినవారిలో చాలామందికి ఈ ఒక్క కేబులుతోనే ఇబ్బంది తీరింది.

వైఫైని 1వ ఛానెలులో ఉంచి జిగ్‌బీని 25లో పెడితే ఒకదానికొకటి అడ్డు రావు. ఛానెలు ముందే నిర్ణయించుకోవాలి, తరువాత మారిస్తే కొన్ని పరికరాలను మళ్ళీ జత చేసుకోవలసి వస్తుంది. మీది రెండంతస్తుల ఇల్లు అన్నారు. స్లాబు దాటి సంకేతం పోవడం కష్టం కనుక మెట్ల దగ్గర కరెంటుతో నడిచే జిగ్‌బీ ప్లగ్గు ఒకటి పెట్టండి. కరెంటు పరికరాలే సంకేతాన్ని అందుకుని ముందుకు పంపుతాయి, బ్యాటరీవి పంపవు. ఆ ప్లగ్గు ఇన్వర్టరు లైను మీద ఉండాలి సుమా, లేకపోతే కరెంటు పోగానే పై అంతస్తు మొత్తం మూగబోతుంది.

విదేశాల నుంచి ఎవరైనా జిగ్‌బీ లాంటి మరో రేడియో పద్ధతి అయిన జెడ్-వేవ్ పరికరాలు తెచ్చి ఇస్తామంటే ఒప్పుకోకండి. మన దేశంలో జెడ్-వేవ్‌కు కేటాయించినది 865 మెగాహెర్ట్జ్ ప్రాంతం, అమెరికాలో 908. అక్కడివి ఇక్కడివాటితో మాట్లాడవు, ఆ పౌనఃపున్యంలో వాటిని ఇక్కడ వాడటానికి అనుమతి కూడా లేదు.

మాలాగా సముద్రానికి దగ్గరగా ఉన్నవారికి మరొక మాట. ఉప్పుగాలికి యూఎస్‌బీ పిన్నులు, రిలే బోర్డుల టంకాలు పచ్చబడిపోతాయి. పెరట్లో పెట్టే బోర్డులను రబ్బరు అంచు ఉన్న మూత పెట్టెల్లో ఉంచాలి, తీగలు కిందివైపు నుంచి మాత్రమే లోపలికి పోవాలి. చీమలు కూడా రిలేల్లోకి దూరి గూళ్ళు పెడతాయి, కాబట్టి తీగ దూరిన కంతలను తప్పకుండా మూసేయండి.

కోట_వీధి (విజయనగరం)

హైదరాబాదు నుంచి చూసుకోవడం గురించి ఎవరూ చెప్పలేదు. ఇంటి ఫైబరు కనెక్షన్లలో చాలావాటికి సొంత పబ్లిక్ చిరునామా ఉండదు, ఒకే చిరునామాను ఎందరో పంచుకుంటారు. అందువల్ల రౌటరులో పోర్టు తెరిచినా ఫలితం ఉండదు. చిరునామా ఉన్నా పోర్టు తెరవడం క్షేమం కాదు. వైర్‌గార్డ్ అనే సురక్షిత అనుసంధాన పద్ధతి ఆధారంగా పనిచేసే టెయిల్‌స్కేల్‌ను సర్వరులోనూ మీ ఫోనులోనూ పెట్టుకుంటే ఏ పోర్టూ తెరవకుండా ఇంటికి చేరుకోవచ్చు. రౌటరులో సర్వరుకూ మోటారు బోర్డుకూ మారని చిరునామాలు కేటాయించడం మరవకండి.

ఉద్దానం_తోట (కవిటి)

డేటాబేసు విషయం ఒకటి మిగిలింది. ఎస్ఎస్‌డీ ఉన్నా అనవసరపు రాతలు తగ్గించడం మంచిది. సెకనుకోసారి మారే వోల్టేజి, వైఫై సంకేత బలం వంటివాటిని రికార్డరు (హోమ్ అసిస్టెంట్‌లో చరిత్ర రాసే భాగం) నుంచి తీసేయండి, రాసే వ్యవధిని 5 నుంచి 30 సెకన్లకు పెంచండి. పరికరాల మధ్య సందేశాలు పంపే ఎంక్యూటీటీ పద్ధతి వాడేటట్లయితే సందేహం లేకుండా వాడండి. 1999లో చమురు గొట్టాల మీది పరికరాల కబురు ఉపగ్రహం ద్వారా తెచ్చుకోవడానికి దానిని రూపొందించారు. తెగి అతికే లైన్ల కోసమే పుట్టింది కనుక మన పరిస్థితులకు సరిగ్గా సరిపోతుంది.

చివరగా, పెద్ద అక్షరాలతో తెలుగులో ఒక కాగితం రాసి పెట్టె పక్కనే గోడకు అంటించండి. మీ ఫోను కలవని రోజున ఇంట్లోవాళ్ళకు దారి చూపేది అదే.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం), మూడు వారాల తరువాత

పని పూర్తయింది, జరిగినది జరిగినట్లు చెబుతాను. 8 జీబీ మెమరీ, 256 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్న 12 వోల్టుల ఎన్100 పెట్టె తీసుకున్నాను. ప్లగ్ మీటరులో ఖాళీగా 7 వాట్లు, బ్యాకప్పు చేసే వేళ 14 వాట్లు చూపుతోంది. బయోస్ అమరిక మార్చి పిన్ను ఐదుసార్లు పీకి పెట్టాను, ఐదుసార్లూ మూడు నిమిషాల లోపే తిరిగి పనిలోకి వచ్చింది.

ఆ తరువాత మెయిన్ స్విచ్చినే ఆపి పరీక్షించాను. సర్వరు చెక్కుచెదరలేదు గాని ఇంట్లో నెట్‌వర్కు మొత్తం పోయింది. వెతికితే, రౌటరు ఇన్వర్టరు లైను మీదే ఉంది, ఫైబరు పెట్టె మాత్రం ఇన్వర్టరు లేని సాకెట్టుకు ఉంది. మా ఇంట్లో వైఫై ఇచ్చేది ఆ ఫైబరు పెట్టే కాబట్టి మోటారు బోర్డుకు సర్వరుతో మాట కలవలేదు. రెండింటినీ ఒకే లైనుకు మార్చించాను. పరీక్ష చేయకపోతే ఇది వానాకాలంలో, నేను లేనప్పుడు బయటపడేది.

ఎలక్ట్రీషియన్ కాంటాక్టరు, ఫ్లోట్లు, తిప్పే స్విచ్చి ఒక పూటలో పెట్టారు. ఎర్తు తీగ మధ్యలో తెగి ఉందని కూడా ఆయనే కనిపెట్టి సరిచేశారు. ఇన్నేళ్ళూ ఆ మోటారును అమ్మ తడి చేత్తో వేస్తూ వచ్చిందని తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతోంది.

ఒక్క చిక్కు మిగిలింది. ట్యాంకు మట్టం కోసం జేఎస్ఎన్-ఎస్ఆర్04టీ అల్ట్రాసోనిక్ సెన్సరును మూతకు బిగించాను. పగలు సరిగ్గా చూపిస్తుంది. తెల్లవారుజామునా, ట్యాంకు బాగా నిండినప్పుడూ అంకెలు ఎగిరి పడుతున్నాయి, నిండిన ట్యాంకును సగమే ఉందని చెబుతోంది. ఫ్లోటు ఉంది కాబట్టి నీళ్ళు పొర్లలేదు. కారణం ఏమిటి?

బొబ్బిలి_తంత్రి (బొబ్బిలి)

ఎర్తు సరిచేయించినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది.

మీది రెండు కారణాలు కలిసిన చిక్కు. ఆ సెన్సరు తన ముఖానికి 20, 25 సెంటీమీటర్ల లోపు ఉన్నదానిని కొలవలేదు. నీళ్ళు అంత దగ్గరికి వచ్చేసరికి దానికి దిక్కు తెలియక తోచిన అంకె ఇస్తుంది. మూతకు పైన 30 సెంటీమీటర్ల వెడల్పాటి గొట్టం ముక్క బిగించి, దాని కొనన సెన్సరు పెడితే నిండినప్పటి మట్టం కూడా కొలిచే దూరంలోకి వస్తుంది. గొట్టం సన్నగా ఉంటే దాని గోడల నుంచి ప్రతిధ్వనులు వచ్చి మళ్ళీ తప్పు చూపిస్తుంది, కాబట్టి నాలుగంగుళాలకు తగ్గవద్దు. తెల్లవారుజామున వచ్చేది సెన్సరు ముఖం మీద పట్టిన నీటి బిందువుల వల్ల. గొట్టం పై భాగంలో రెండు చిన్న గాలి కంతలు పెట్టి, దోమలు దూరకుండా వాటికి వల కట్టండి. ఈఎస్‌పీహోమ్‌లో మీడియన్ ఫిల్టరు పెట్టి, ఏడు కొలతల్లో నడిమిదాన్నే తీసుకోమనండి, అప్పుడు ఒకటీ అరా తప్పుడు అంకె వచ్చినా లెక్కలోకి రాదు.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

ఆదివారం గొట్టం బిగించి కంతలు పెట్టించాను, మీడియన్ ఫిల్టరు కూడా పెట్టాను. ఈ ఐదు రోజుల్లో ఒక్క తప్పుడు అంకె కూడా రాలేదు. నాన్నగారు ఈ వారం మేడ ఎక్కలేదు. ఉద్దానం_తోట గారు చెప్పిన కాగితం అమ్మ తన చేతిరాతతోనే రాసి పెట్టె పక్కన అంటించింది. ఇలాంటి ఇల్లు ఉన్న ఇతరులకు పనికివస్తుందని అందులో ఉన్నది ఇక్కడ ఇస్తున్నాను.

"ఈ పెట్టె మీది నీలం దీపం వెలగకపోతే కంగారు పడవద్దు. మోటారు కావాలంటే ఎర్ర స్విచ్చి మాన్యువల్ వైపు తిప్పి పచ్చ మీట నొక్కాలి. నిండితే అదే ఆగుతుంది. దీపాల స్విచ్చులు ఎప్పటిలాగే పనిచేస్తాయి. పెట్టె పిన్ను ఒకసారి తీసి, పది అంకెలు లెక్కపెట్టి మళ్ళీ పెట్టాలి. అప్పటికీ వెలగకపోతే అమ్మాయి వచ్చేదాకా అలాగే వదిలేయాలి."